కాపీ వస్తది గాని ప్రింట్ రాదు: ఆఫీస్ జిరాక్స్ మిషన్ నెట్‌వర్క్ తిప్పలకు జవాబులు

ఈసారి వచ్చిన ప్రశ్నల్లో ఎక్కువ ఒకే బాధ మీద ఉన్నయి. మిషన్ మంచిగనే ఉంటది, కంప్యూటర్లు మంచిగనే ఉంటయి, రెండింటికి మధ్య మాట కలుస్తలేదు. ఇది నిజంగ రోజు గడవని బాధ, ఎందుకంటే ఆఫీసుల మిషన్ ఆగితే మనుషులు లైన్ల నిలబడి ఉంటరు. అందుకే ఈ నెల వేరే ప్రశ్నలు పక్కన పెట్టి దీని మీదనే రాస్తున్న.

ప్రశ్న: మాది ఎనుమాముల మార్కెట్ల అడ్తి దుకాణం సార్. మిర్చి సీజన్ల పొద్దంతా తక్‌పట్టీలు (రైతులకిచ్చే అమ్మకం చీటీలు) ప్రింట్ కొడుతనే ఉండాలె. మిషన్ అద్దం మీద కాగితం పెట్టి జిరాక్స్ కొడితే ఫస్ట్ క్లాస్‌గ వస్తది, కంప్యూటర్ నుంచి ఇస్తే మాత్రం ఆఫ్‌లైన్ అని చూపెడ్తది. అన్నీ ఆఫ్ చేసి ఆన్ చేస్తే ఒక్కోసారి వస్తది, మళ్ల కరెంట్ పోయి వచ్చిందంటే మొదటికే. సర్వీస్ పిలగాడు వచ్చి నెట్‌వర్క్ కార్డ్ పోయింది బోర్డ్ మార్చాలె అంటుండు, రేటు చూస్తే గుండె ఆగుతుంది. మార్పియ్యాల్నా? (గుమాస్తా, ఎనుమాముల)

జవాబు: ఇప్పుడే మార్పియ్యకండి. మీరు రాసిన దాంట్లనే సగం జవాబు ఉన్నది, ఆఫ్ ఆన్ చేస్తే ఒక్కోసారి వస్తది అన్నరు గద, నిజంగ కాలిపోయిన కార్డు అట్ల వచ్చుడు పోవుడు చాలా తక్కువ. జిరాక్స్ తీసినప్పుడు పనంతా మిషన్ లోపలనే అయిపోతది, అద్దం మీది కాగితాన్ని అదే చదివి అదే అచ్చు వేస్తది, దానికి నెట్‌వర్క్‌తో పని లేదు. ప్రింట్ అట్ల కాదు, కంప్యూటర్ నుంచి వైర్ పట్టుకొని రూటర్‌కో స్విచ్‌కో పోయి, అక్కడి నుంచి మిషన్ అడ్రస్ వెతుక్కుంట పోవాలె. జిరాక్స్ మంచిగ వస్తుందంటే డ్రమ్ము, టోనర్, ఫ్యూజర్ అన్నీ బాగున్నట్టే, మనం వెతకాల్సింది దారి ఒక్కటే.

ముందుగాల మిషన్ నుంచి నెట్‌వర్క్ పేజీ ప్రింట్ తియ్యండి. రికో అయితే యూజర్ టూల్స్, క్యోసెరా అయితే సిస్టమ్ మెనూ, కోనికా మినోల్టా అయితే యుటిలిటీ, కెనాన్ అయితే సెట్టింగ్స్ రిజిస్ట్రేషన్, పేరు ఏదైనా లోపల రిపోర్ట్ అనో నెట్‌వర్క్ సెట్టింగ్స్ అనో ఉంటది. ఆ కాగితం మీద ఐపీ అడ్రస్ (నెట్‌వర్క్‌ల మిషన్‌ను గుర్తుపట్టే నంబర్) ఎదురుగ ఏమున్నదో చూడండి. 0.0.0.0 ఉంటే మిషన్‌కు అడ్రసే దొరకలేదు. 169.254 తోని మొదలైతే, అది రూటర్ ఇచ్చింది కాదు, మిషన్ రూటర్‌ను అడిగి అడిగి జవాబు రాక తనకు తానే పెట్టుకున్న అడ్రస్. ఈ అడ్రస్‌తోని మీ కంప్యూటర్లకు అది కనపడదు. 192.168 తోని మొదలైతే అడ్రస్ వచ్చినట్టే, అప్పుడు తప్పు వేరే కాడ ఉంటది, దాని గురించి కింద చెప్త.

మీరు చెప్పిన తీరు చూస్తే, కరెంట్ పోయి రాంగనే పాడైతుంది అంటే, నాకు 169.254 మీదనే ఎక్కువ అనుమానం. కరెంట్ రాంగనే ఫైబర్ డబ్బా, రూటర్, స్విచ్, మిషన్ అన్నీ ఒక్కసారే లేస్తయి. ఫైబర్ డబ్బా పూర్తిగ తయారు కావాలంటే రెండు మూడు నిమిషాలన్నా పడతది, ఈలోపల మిషన్ అడ్రస్ అడుగుతది, ఇచ్చేటోడు ఇంకా లేవలేదు, ఇగ అది సొంత అడ్రస్ పెట్టుకొని కూసుంటది. పాత మిషన్లయితే మళ్ల తొందరగ అడగవు కూడా. మీరు తర్వాత మిషన్ ఒక్కదాన్ని ఆఫ్ చేసి ఆన్ చేసినప్పుడు రూటర్ తయారుగ ఉంటది కాబట్టి పని అయితది, అన్నీ కలిపి ఒక్కసారే ఆఫ్ చేసినప్పుడు ఎవరు ముందు లేస్తే వాళ్లది, అందుకే ఒక్కోసారి వస్తది ఒక్కోసారి రాదు.

ఇంకో అవకాశం, అడ్రస్ 192.168 అనే వస్తుంది గాని రోజూ మారుతుంది. రూటర్ ఇచ్చే అడ్రస్ హాస్పిటల్ల ఓపీ టోకెన్ లెక్క, ఇయ్యాల 14 వస్తే రేపు 22 రావచ్చు, కంప్యూటర్ మాత్రం నిన్నటి 14ను పట్టుకొని పిలుస్తనే ఉంటది. చెక్ చేసుడు ఎట్లంటే, కంప్యూటర్‌ల ప్రింటర్ మీద రైట్ క్లిక్ కొట్టి ప్రింటర్ ప్రాపర్టీస్, అండ్ల పోర్ట్స్ అనే దాంట్లకు పోండి, టిక్ పెట్టి ఉన్న వరుసలో ఒక అడ్రస్ కనపడ్తది, అది కాగితం మీది అడ్రస్ ఒకటేనా కాదా చూడండి. ఒకటి కాకపోతే దొంగ దొరికినట్టే. కొన్నిసార్లు అక్కడ అడ్రస్ ఉండదు, డబ్ల్యూఎస్‌డీ అని ఏదో పెద్ద పేరు ఉంటది, అది విండోస్ తనంతట తాను వెతికి పెట్టుకున్న పోర్ట్, ఊరికె ఆఫ్‌లైన్ అని చూపెట్టేది ఎక్కువ అదే. నేనైతే ఏ ఆఫీసుల చూసినా దాన్ని తీసేసి మామూలు టీసీపీ ఐపీ పోర్ట్, అంటే మిషన్ అడ్రస్ పట్టుకొని నేరుగ పోయేది, పెట్టమనే చెప్త.

రెండింటికి మందు ఒక్కటే, మిషన్‌కు అడ్రస్ ఖాయం చెయ్యాలె. దీనికి రెండు దార్లు, ఒకటి రూటర్ల ఆ మిషన్ మ్యాక్ నంబర్ (తయారైనప్పుడే దానికి వచ్చే సొంత నంబర్) రాసి ఫలానా అడ్రస్ దీనికే ఇయ్యి అని పెట్టుడు, రెండోది మిషన్లనే చేతితోని రాసుడు. ఊకె కరెంట్ పోయే కాడ నాకు రెండోదే మంచిగ అనిపిస్తది, ఎందుకంటే అప్పుడు మిషన్ ఎవరినీ అడగాల్సిన పని ఉండదు, రూటర్ కంటే ముందు లేసినా దాని అడ్రస్ దానికి ఉంటది. రూటర్ పేజీల (రూటర్ అడ్రస్‌ను బ్రౌజర్‌ల కొడితే తెరుచుకుంటది) డీహెచ్‌సీపీ, అంటే అడ్రస్‌లు పంచే పని, అని ఉన్న కాడ ఎక్కడి నుంచి ఎక్కడి దాకా పంచుతుందో రాసి ఉంటది, ఉదాహరణకు 100 నుంచి 200 దాకా అనుకోండి, మీరు దానికి బయట 192.168.1.50 లాంటిది తీసుకోండి, సబ్‌నెట్ మాస్క్ 255.255.255.0, గేట్‌వే కాడ రూటర్ అడ్రస్, డీఎన్ఎస్ (సర్వర్ పేరును అడ్రస్‌గ మార్చి చెప్పేది) కాడ కూడా రూటర్ అడ్రసే పెట్టండి, దాన్ని ఖాళీగ వదిలిపెట్టకండి. పెట్టే ముందు ఆ అడ్రస్ ఇంకోటి వాడుతలేదు కదా చూసుకోవాలె, కమాండ్ ప్రాంప్ట్ తెరిచి పింగ్ అని కొట్టి ఆ అడ్రస్ ఇయ్యండి, మిషన్ ఆఫ్‌ల ఉండంగ కూడా జవాబు వస్తుందంటే అది సీసీ కెమెరా డబ్బాదో ఇంకో దానిదో, వేరే నంబర్ తీసుకోండి. ఒకే అడ్రస్ ఇద్దరికి ఉంటే పొద్దున వచ్చి మధ్యాహ్నం పోయే రకం తిప్పలు మొదలైతయి.

తర్వాత ప్రతి కంప్యూటర్ల ఆ పోర్ట్స్ కాడనే యాడ్ పోర్ట్ కొట్టి స్టాండర్డ్ టీసీపీ ఐపీ పోర్ట్ ఎంచుకొని కొత్త అడ్రస్ ఇయ్యాలె. పింగ్ మంచిగ వస్తున్నా ఇంకా ఆఫ్‌లైన్ అంటే, అదే పోర్ట్ కాన్ఫిగర్ లోపల ఎస్ఎన్ఎంపీ స్టేటస్ ఎనేబుల్డ్ అని టిక్ ఉంటది, అది తీసేయండి. విండోస్ ఆ దారిన మిషన్‌ను పలకరిస్తది, మిషన్ పలకకపోతే బతికి ఉన్నా సరే ఆఫ్‌లైన్ అని రాసేస్తది.

ఇంత చేసినా రాకపోతే అప్పుడు కార్డు సంగతి చూద్దాం, దానికి కూడా ఊరికె మాట మీద డబ్బులు పెట్టకండి. ఒక లాప్‌టాప్ తెచ్చి లాన్ కేబుల్‌తోని నేరుగ మిషన్‌కే కలపండి, మధ్యల రూటర్ గీటర్ ఏం వద్దు. లాప్‌టాప్‌కు 192.168.1.10 పెట్టి, వైఫై ఆఫ్ చేసి, 192.168.1.50కి పింగ్ కొట్టండి. జవాబులు ఆగకుండ వస్తే కార్డు బాగున్నది, సర్వీస్ పిలగాని ముందటనే చూపియ్యండి. నలుగురు రైతులు పట్టీ కోసం నిలబడ్డప్పుడు ఏదో ఒకటి చెయ్యి అనాలనిపిస్తది, నాకు తెలుసు, గాని బోర్డుకు డబ్బులు పెట్టే ముందు ఈ పరీక్ష అడుగుడు మీ హక్కు.

ఒక చిన్న మాట, రూటర్‌ను స్విచ్‌ను మాత్రం యూపీఎస్ మీద పెట్టుకోండి, జిరాక్స్ మిషన్‌ను కంప్యూటర్ల చిన్న యూపీఎస్‌కు పెట్టకండి, లోపలి ఫ్యూజర్ వేడెక్కేటప్పుడు ఒక్కసారిగ ఎక్కువ కరెంట్ గుంజుతది, యూపీఎస్ తట్టుకోదు.

ప్రశ్న: నేను హనుమకొండల ఒక సీనియర్ వకీల్ సాబ్ దగ్గర జూనియర్‌గ చేస్తున్న. ఆఫీసుకు కొత్తగ ఫైబర్ కనెక్షన్ తీసుకున్నం, వాళ్ల డబ్బా ముందు రూంల పెట్టిన్రు, పాత రూటర్ లోపలి రూంల అట్లనే ఉన్నది. అప్పటి నుంచి సార్ కంప్యూటర్, టైపిస్ట్ కంప్యూటర్ల నుంచి ప్రింట్ వస్తుంది, మా జూనియర్ల లాప్‌టాప్‌ల నుంచి రాదు. నెట్ మాత్రం అందరికి వస్తుంది. వకాలత్ నామా ప్రింట్ కావాలన్నా పెన్‌డ్రైవ్ పట్టుకొని సార్ రూంలకు పోవాల్సి వస్తుంది. (జూనియర్ అడ్వొకేట్, హనుమకొండ)

జవాబు: నెట్ వస్తే నెట్‌వర్క్ బాగున్నట్టే అనుకుంటరు అందరు, అక్కడనే దెబ్బ పడతది. మీ ఆఫీసుల ఇప్పుడు ఒకటి కాదు, రెండు నెట్‌వర్క్‌లు ఉన్నయి. మీ లాప్‌టాప్‌ల కమాండ్ ప్రాంప్ట్ తెరిచి ఐపీకాన్ఫిగ్ కొట్టండి, టైపిస్ట్ కంప్యూటర్ల కూడా కొట్టండి. మీకు 192.168.1 తోని, వాళ్లకు 192.168.0 తోని వస్తే నేను చెప్పేది ఖాయం. మీరు కొత్త డబ్బా వైఫైకి కలిసిన్రు, మిషన్, సార్ కంప్యూటర్ పాత రూటర్ వెనుక ఉన్నయి. పాత రూటర్ లోపలోళ్లను బయటికి పోనిస్తది గాని బయటోళ్లను లోపలికి రానియ్యది, దాని పనే అది. మిషన్‌ను ముందు డబ్బాకు మార్చితే సార్ కంప్యూటర్ నుంచి అడ్రస్ కొట్టి ప్రింట్ ఇస్తే పోతది గాని ఆటోమేటిక్‌గ వెతికితే దొరకదు, స్కాన్ చేసింది సార్ కంప్యూటర్‌కు తిరిగి రాదు, అందుకే అది సగం మందు.

పూర్తి మందు పాత రూటర్‌ను రూటర్‌గ కాకుండ ఉత్త వైఫై డబ్బాగ వాడుడు. కొన్ని రూటర్లల యాక్సెస్ పాయింట్ మోడ్ అని ఒక్క బటన్ ఉంటది, ఉంటే అది పెట్టండి అయిపోతది. లేకపోతే ముందు దాని సొంత అడ్రస్‌ను 192.168.1.2కు మార్చి, తర్వాత అండ్ల డీహెచ్‌సీపీ ఆఫ్ చేసి, ఆఖరికి ఫైబర్ డబ్బా నుంచి వచ్చే కేబుల్‌ను వ్యాన్ పోర్ట్ (బయటి నెట్ పెట్టేది) నుంచి తీసి లాన్ పోర్ట్‌ల (లోపలి కంప్యూటర్లు పెట్టేది) పెట్టండి. ఇదే వరుసల చెయ్యాలె, ముందే డీహెచ్‌సీపీ ఆఫ్ చేస్తే మళ్ల ఆ పేజీ తెరుచుకునుడు కష్టమైతది. మిషన్‌కు ఎవరన్నా చేతితోని 192.168.0 అడ్రస్ రాసి ఉంటే దాన్ని కూడా కొత్త వరుసకు మార్చాలె, గేట్‌వేతో సహా, మరిచిపోతే సార్ కంప్యూటర్ నుంచి కూడా ప్రింట్ బందైతది, పొద్దున్నే కోర్టు టైంకు ముందు ఈ పని పెట్టుకోకండి, ఆదివారం చేసుకోండి.

క్లయింట్ల కోసం గెస్ట్ వైఫై పెట్టుకున్నరా అది కూడా చూసుకోండి. గెస్ట్ వైఫైల ఉన్నోళ్లకు లోపలి మిషన్లు కనపడవు, కనపడొద్దు కూడా, కేసు కాగితాలు ఉండే ఆఫీసుల అది అట్లనే ఉండాలె, జూనియర్లు దాంట్ల కలవకుండ చూసుకుంటే చాలు.

ప్రశ్న: అన్నా, హుజూరాబాద్‌ల దస్తావేజులు రాస్తం. కొత్త మిషన్‌ల వైఫై పెడదామంటే మా వైఫై పేరే కనపడ్తలేదు, పక్క దుకాణాలయి కనపడ్తున్నయి, మా ఫోన్లకు మాత్రం మా వైఫై మంచిగ వస్తుంది. (దస్తావేజు లేఖరి, హుజూరాబాద్)

జవాబు: మీ రూటర్‌ల ఉత్త 5 గిగాహెర్ట్జ్ నడుస్తున్నట్టున్నది తమ్ముడు. ఈ మిషన్లల చాలామట్టుకు 2.4 గిగాహెర్ట్జ్ ఒక్కటే పడతయి, రూటర్ పేజీలకు పోయి 2.4 ఆన్ చేసి దానికి వేరే పేరు పెట్టు, సెక్యూరిటీ డబ్ల్యూపీఏ3 ఒక్కటే ఉంటే డబ్ల్యూపీఏ2 పెట్టు. ఛానల్ 1, 6, 11 లల ఏది ఖాళీగ ఉంటే అది. అయితే మిషన్‌కు వెనుక లాన్ పోర్ట్ ఉంటే మాత్రం ఒక కేబుల్ వేసుకో, మిషన్ ఒక్క జాగల నుంచి కదలదు, దానికి వైఫై ఎందుకు, మంచి క్యాట్ 5ఈ కేబుల్ 100 మీటర్ల దాకా పని చేస్తది.

ప్రశ్న: నమస్తే సార్. నేను జనగామలో ఒక ప్రైవేట్ స్కూల్ ఆఫీసులో పని చేస్తున్నాను. మా మిషన్‌లో స్కాన్ కొడితే నేరుగా నా కంప్యూటర్ ఫోల్డర్‌లోకి వచ్చేది, అడ్మిషన్ల టైంలో పిల్లల ఆధార్లు, టీసీలు, బర్త్ సర్టిఫికెట్లు అన్నీ అట్లనే చేసుకునేవాళ్లం. మేనేజ్‌మెంట్ వాళ్లు నాకు కొత్త కంప్యూటర్ ఇచ్చారు, విండోస్ 11 ఉన్నది. ప్రింట్ వస్తుంది, స్కాన్ మాత్రం సెండ్ ఫెయిల్డ్ అంటుంది. ఒకాయన వచ్చి ఎస్ఎంబీ1 ఆన్ చేస్తే వస్తది అన్నడు, కాని అది మంచిది కాదని ఎక్కడో చదివాను, అందుకే ఆపిన. (ఆఫీస్ అసిస్టెంట్, జనగామ)

జవాబు: ఆపి చాలా మంచి పని చేసిన్రు మేడం. ఎందుకో చెప్త, దానికంటే ముందు చూడాల్సినయి కొన్ని ఉన్నయి, చాలాసార్లు వాటితోనే పని అయిపోతది.

ప్రింట్‌ల కంప్యూటర్ మిషన్‌ను వెతుక్కుంట పోతది, స్కాన్‌ల దారి ఉల్టా, మిషన్ మీ కంప్యూటర్‌ను వెతుక్కుంట వస్తది, వచ్చి పేరు పాస్‌వర్డ్ చెప్పి లోపలికి రావాలె. కాబట్టి ఇక్కడ మీ కంప్యూటర్ అడ్రస్ ఖాయంగ ఉండాలె. మిషన్ అడ్రస్ బుక్కుల ఇంకా పాత కంప్యూటర్ పేరే ఉన్నదేమో ముందు అది చూడండి. మిషన్ ఐపీ అడ్రస్‌ను మీ కంప్యూటర్ బ్రౌజర్‌ల కొడితే దాని సొంత పేజీ తెరుచుకుంటది, కెనాన్ల దాన్ని రిమోట్ యూఐ అంటరు, రికోల వెబ్ ఇమేజ్ మానిటర్, క్యోసెరాల కమాండ్ సెంటర్ ఆర్ఎక్స్, అక్కడ కీబోర్డ్‌తోని మార్చుకునుడు సుకువు, మిషన్ చిన్న తెర మీద ఒక్కొక్క అక్షరం ఒత్తుకుంట కూసుంటే తప్పులు పడతయి.

తర్వాత పాస్‌వర్డ్. విండోస్ తెరిచేటప్పుడు మీరు కొట్టే పిన్ ఇక్కడ పని చెయ్యదు, అది ఆ కంప్యూటర్ ముందర కూసున్నోళ్లకే, నెట్‌వర్క్ మీద వచ్చే మిషన్‌కు అసలు పాస్‌వర్డే కావాలె. పాస్‌వర్డే లేని అకౌంట్ అయితే విండోస్ నెట్‌వర్క్ నుంచి రానియ్యనే రానియ్యది. అందుకని మీ అకౌంట్ ఇయ్యకుండ, స్కాన్ కోసమే ఒక లోకల్ యూజర్ చేసి, దానికి మారని పాస్‌వర్డ్ పెట్టి, ఆ ఒక్క ఫోల్డర్ మాత్రమే షేర్ చెయ్యండి. షేరింగ్ కాడ, సెక్యూరిటీ కాడ, రెండు చోట్ల ఆ యూజర్‌కు రాసే పర్మిషన్ ఉండాలె, చాలామంది మొదటిది ఇచ్చి రెండోది మరిచిపోతరు. దీంతోని ఇంకో లాభం, రేపు మీరు మీ పాస్‌వర్డ్ మార్చుకున్నా స్కాన్ ఆగదు.

మూడోది, సెట్టింగ్స్‌ల నెట్‌వర్క్ పబ్లిక్ అని ఉన్నదా ప్రైవేట్ అని ఉన్నదా చూడండి. కొత్త కంప్యూటర్‌ను మొదటిసారి నెట్‌కు కలిపితే విండోస్ 11 దాన్ని పబ్లిక్ అని పెట్టేస్తది, బస్టాండ్‌ల ఉన్నట్టు తలుపులన్నీ మూసేస్తది. ఆఫీస్ నెట్‌వర్క్‌ను ప్రైవేట్‌కు మార్చి ఫైల్ అండ్ ప్రింటర్ షేరింగ్ ఆన్ చెయ్యండి.

ఇవన్నీ అయినంక కూడా ఫెయిల్ అంటే అప్పుడు ఎస్ఎంబీ సంగతి. ఎస్ఎంబీ అంటే ఫైళ్లు పంచుకోవడానికి కంప్యూటర్లు మాట్లాడుకునే పద్ధతి, అండ్ల మొదటిది ఎస్ఎంబీ1, చాలా పాతది. 2017 మే నెలల వానాక్రై అనే వైరస్ ప్రపంచమంత పాకింది దీంట్ల ఉన్న బొక్క నుంచే, బ్రిటన్ల సర్కారు హాస్పిటళ్లు కూడా ఆగిపోయినయి. అదే ఏడాది ఆఖర్ల వచ్చిన విండోస్ 10 వెర్షన్ నుంచి మైక్రోసాఫ్ట్ దాన్ని కొత్త ఇన్‌స్టాల్స్‌ల పెట్టుడే బంద్ చేసింది. మీ మిషన్ పాతదయితే దానికి ఆ పాత పద్ధతే వస్తది, మీ కొత్త కంప్యూటర్‌కు అది లేదు, అందుకే మాట కలుస్తలేదు. మిషన్ కొంచెం కొత్తదయినా ఇంకో చిక్కు ఉన్నది, విండోస్ 11ల 24హెచ్2 వెర్షన్ నుంచి ప్రో ఎడిషన్‌ల వచ్చే ప్రతి దానికి డిజిటల్ సంతకం ఉండాలె అంటది, ఎస్ఎంబీ సైనింగ్ అంటరు, ఆ సంతకం పెట్టుడు రాని మిషన్లు అక్కడ ఆగిపోతయి.

మందు ఏందంటే, సర్వీస్ వాళ్లకు ఫోన్ చేసి మా మోడల్‌కు ఎస్ఎంబీ 2 గాని 3 గాని వచ్చే ఫర్మ్‌వేర్ (మిషన్ లోపలి సాఫ్ట్‌వేర్) ఉన్నదా అని ఈ మాటనే అడగండి. చాలా మోడళ్లకు ఉన్నది, వాళ్లే వచ్చి ఎక్కిస్తరు, కొన్నింట్లనయితే ఫర్మ్‌వేర్ కూడా అక్కర లేదు, మిషన్ పేజీల ఎస్ఎంబీ వెర్షన్ అని ఉన్న కాడ మార్చితే చాలు. లేదంటే పెన్‌డ్రైవ్‌కు స్కాన్ చేసుకునుడో, ఎఫ్‌టీపీ (ఫైళ్లు పంపే ఇంకో పద్ధతి) దారో, మెయిల్ దారో పెట్టుకోండి. ఎస్ఎంబీ1 మాత్రం ఆన్ చేయకండి మేడం. మీ ఫోల్డర్ల ఉన్నయి పిల్లల ఆధార్లు, వాళ్ల తల్లిదండ్రులు మీ మీద నమ్మకంతోని ఇచ్చిన కాగితాలు. ఒక్క కంప్యూటర్‌కు వైరస్ వస్తే ఆ బొక్కల నుంచి ఆఫీస్ మొత్తం పాకుతది. రెండు నిమిషాలు ఎక్కువ పట్టినా పెన్‌డ్రైవే నయం.

ప్రశ్న: కాకతీయ యూనివర్సిటీ దగ్గర మాది జిరాక్స్ సెంటర్. స్టూడెంట్లు సర్టిఫికెట్లు స్కాన్ చేసి మెయిల్ పెట్టమంటరు. మిషన్‌ల నా జీమెయిల్, పాస్‌వర్డ్ కరెక్ట్‌గనే కొట్టిన, ఫోన్ల అదే పాస్‌వర్డ్‌తోని తెరుచుకుంటుంది, మిషన్‌ల మాత్రం ఆథెంటికేషన్ ఫెయిల్డ్ అని వస్తుంది. మిషన్ల తప్పా, జీమెయిల్ల తప్పా? (జిరాక్స్ సెంటర్, హనుమకొండ)

జవాబు: తప్పు ఇద్దరిది కాదన్నా, రూల్ మారింది. ఉత్త పేరు పాస్‌వర్డ్‌తోని మిషన్లు, పాత యాప్‌లు జీమెయిల్లకు వచ్చుడును గూగుల్ 2022 మే 30 నుంచి బంద్ పెట్టింది. ఇప్పుడు మీ అకౌంట్ల ముందు టూ స్టెప్ వెరిఫికేషన్ ఆన్ చేసి, తర్వాత యాప్ పాస్‌వర్డ్ అనే కాడికి పోతే 16 అక్షరాలది ఒకటి ఇస్తది, మిషన్‌ల మీ మామూలు పాస్‌వర్డ్ జాగల అది కొట్టాలె, మధ్యల ఖాళీలు లేకుండ. సర్వర్ పేరు ఎస్ఎంటీపీ డాట్ జీమెయిల్ డాట్ కామ్, పోర్ట్ 587 పెట్టి స్టార్ట్ టీఎల్ఎస్ ఆన్ చెయ్యండి, లేకపోతే 465 పెట్టి ఎస్ఎస్ఎల్. మీరు ఎప్పుడన్న గూగుల్ పాస్‌వర్డ్ మార్చితే ఈ యాప్ పాస్‌వర్డ్ కూడా కొట్టుకపోతది, మళ్ల కొత్తది తీసుకోవాలె, ఇది గుర్తుపెట్టుకోండి, లేకపోతే ఏం ముట్టుకోకుండనే పాడైంది అనుకుంటరు.

ఆథెంటికేషన్ కాకుండ సర్వర్ దొరకలేదు అని వస్తే, పైన ఎనుమాముల అన్నకు చెప్పిన డీఎన్ఎస్ ఖాళీగ ఉన్నట్టు, రూటర్ అడ్రసో 8.8.8.8 అనో పెట్టండి. మిషన్‌ల తేదీ కూడా ఒకసారి చూడండి, తేదీ వెనక్కి పోయి ఉంటే సర్టిఫికెట్ చెల్లదు అని కనెక్షన్ కలవదు. మిషన్ మరీ పాతదై టీఎల్ఎస్ (మెయిల్‌ను తాళం వేసి పంపే పద్ధతి) రాకపోతే మాత్రం ఈ దారి మూసుకున్నట్టే, కంప్యూటర్‌కు స్కాన్ చేసుకొని అక్కడి నుంచి మెయిల్ పెట్టుడు తప్పది. ఫైల్ పెద్దగైతే కూడా పోదు, జీమెయిల్ల హద్దు 25 ఎంబీ, సర్టిఫికెట్లకు 600 డీపీఐ కలర్ అవసరం లేదు, 200 నుంచి 300 చాలు.

ఇంకొకటి అడగకున్నా చెప్త. మీ సొంత జీమెయిల్ కాకుండ దుకాణం కోసం వేరేది పెట్టుకోండి, రాత్రి షట్టర్ దించే ముందు సెంట్ బాక్స్ ఖాళీ చెయ్యండి. ఎంతమంది ఆడపిల్లల మెమోలు, ఆధార్లు, ఫోన్ నంబర్లు అండ్ల పడి ఉంటయో ఒకసారి ఆలోచించండి.

ప్రశ్న: మాది జగిత్యాలల డయాగ్నస్టిక్ ల్యాబ్. మిషన్ కింద ఉన్నది, రిపోర్ట్‌లు టైప్ చేసే కంప్యూటర్లు వెనుక బిల్డింగ్ మీది అంతస్తుల ఉన్నయి, కేబుల్ బయటి నుంచి గోడ మీదుగ గుంజినం. మొన్న ఉరుములు మెరుపులు వచ్చిన రాత్రి నుంచి ప్రింట్ రాదు, మిషన్ వెనుక కేబుల్ పెట్టే కాడ లైట్ కూడా వెలుగుతలేదు. (ల్యాబ్ ఇంచార్జి, జగిత్యాల)

జవాబు: లైట్ వెలుగుతలేదు అంటే ఐపీ అడ్రస్ దాకా కూడా పోవద్దు, తీగ కాడనే ఆగింది. మంచిగ పని చేసే చిన్న కేబుల్ ఒకటి తెచ్చి మిషన్‌కు లాప్‌టాప్‌కు నేరుగ కలపండి, లైట్ వెలిగితే మిషన్ బతికినట్టే. అప్పుడు స్విచ్‌ల వేరే పోర్ట్‌కు మార్చి చూడండి, మెరుపులకు స్విచ్‌ల ఒకటి రెండు పోర్ట్‌లు పోయి మిగతాయి నడుస్తుంటయి. పోర్ట్ మార్చినా రాకపోతే కేబుల్. ఎలుకలు కొరికిందో, క్లిప్ కాడ తీగ జారిందో చూసి, రెండు కొనలు మళ్ల క్రింపింగ్ చేపియ్యండి, రంగుల వరుస రెండు దిక్కుల ఒకటే ఉండాలె: తెలుపు ఆరెంజ్, ఆరెంజ్, తెలుపు ఆకుపచ్చ, నీలం, తెలుపు నీలం, ఆకుపచ్చ, తెలుపు బ్రౌన్, బ్రౌన్.

చిన్న కేబుల్‌తోని కూడా, వేరే లాప్‌టాప్‌తోని కూడా లైట్ వెలగకపోతే, అప్పుడు మాత్రం నిజంగనే మిషన్ నెట్‌వర్క్ పోర్ట్ పోయింది. అయినా బోర్డు ఒక్కటే దారి కాదు, మిషన్‌కు యూఎస్‌బీ పోర్ట్ ఉంటే ప్రింట్ సర్వర్ అనే చిన్న డబ్బా వస్తది, అది మీ మోడల్‌కు కలుస్తదా లేదా దుకాణంల పెట్టి చూపియ్యమనండి, దాంతోని ప్రింట్ వస్తది, స్కాన్ మాత్రం చాలావరకు రాదు.

బిల్డింగ్ నుంచి బిల్డింగ్‌కు బయట రాగి కేబుల్ గుంజుడు నాకు అస్సలు నచ్చదు. మెరుపు నేరుగ పడాల్నని లేదు, దగ్గర్ల పడ్డా ఆ పొడుగు తీగల కరెంట్ పుట్టి రెండు కొనల మిషన్లను తింటది. ఆ ముక్క వరకు ఫైబర్ వేసి రెండు దిక్కుల మీడియా కన్వర్టర్లు (ఫైబర్‌ను రాగి కేబుల్‌కు కలిపే డబ్బాలు) పెట్టండి, ఫైబర్‌ల కరెంట్ పారదు కాబట్టి ఒక బిల్డింగ్ దెబ్బ ఇంకో దానికి పోదు. వచ్చే వానకాలం లోపల చేపిస్తే మంచిది, రిపోర్ట్ కోసం పేషెంట్ ఎదురుచూసే జాగ అది.

ప్రశ్న: పరకాలల మా ఆఫీసుల మిషన్‌ను ఒక కంప్యూటర్‌కు యూఎస్‌బీతోని కలిపి మిగతా వాటికి షేర్ చేసినం. కొన్ని కంప్యూటర్లు కలుస్తయి, కొన్నింట్ల ఎర్రర్ నంబర్ చివర 11బి అని వచ్చి కనెక్ట్ కాదు. నెట్ల రిజిస్ట్రీ (విండోస్ లోపలి సెట్టింగ్‌ల పట్టిక) మార్చమని చెప్తున్నరు, మార్చాల్నా? (అకౌంటెంట్, పరకాల)

జవాబు: మార్చొద్దు. ప్రింటర్ షేరింగ్‌ల ఉన్న ఒక బొక్కను మూసెటందుకు మైక్రోసాఫ్ట్ 2021ల దాన్ని గట్టి చేసింది, ఆ సెప్టెంబర్ అప్‌డేట్ నుంచి ఈ 11బి మొదలైంది. కొన్ని కంప్యూటర్లకు అప్‌డేట్ పడి కొన్నింటికి పడకపోతే ఒకటి గట్టి తాళం అడుగుతది ఇంకోటి పాత తాళమే ఇస్తది. ఆ రిజిస్ట్రీ కిటుకు చేసే పని ఆ గట్టి తాళం తీసేసుడే. షేర్ చేసిన కంప్యూటర్‌తో సహా అన్నింటికి విండోస్ అప్‌డేట్లు పూర్తిగ వేసి చూడండి. అప్పటికి కూడా మొండికేస్తే, మొండికేసే కంప్యూటర్ల మిషన్ డ్రైవర్ వేసి, యాడ్ పోర్ట్‌ల లోకల్ పోర్ట్ ఎంచుకొని, రెండు బ్యాక్‌స్లాష్‌లు, షేర్ చేసిన కంప్యూటర్ పేరు, ఒక బ్యాక్‌స్లాష్, ప్రింటర్ షేర్ పేరు రాయండి, చాలాచోట్ల దీంతోని పని అయితది.

కాని అంతకంటే ముందు మిషన్ వెనుక ఒకసారి చూడండి, లాన్ పోర్ట్ వాడకుండ ఖాళీగ ఉన్నదేమో. ఉంటే యూఎస్‌బీ తీసేసి కేబుల్‌తోని స్విచ్‌కు కలిపి, ఒక అడ్రస్ ఖాయం చేసి, అన్ని కంప్యూటర్లను నేరుగ దానికే కలపండి. అప్పుడు షేరింగూ ఉండదు, 11బీ ఉండదు, ఆ ఒక్క కంప్యూటర్ ఆఫ్ అయితే అందరి ప్రింట్లు ఆగే బాధ కూడా ఉండదు. అడ్రస్‌ను ఒక చీటీ మీద రాసి మిషన్ పక్కకు అతికించండి, రేపు రూటర్ మారినా, మీరు సెలవుల ఉన్నా, వచ్చినోళ్లు ముందు అదే అడుగుతరు.